పేపర్ మెషీన్ మీద షీట్ తెగితే ఏం చేయాలి: కొత్త ఆపరేటర్లకు

రాజమండ్రిలోనో, సారపాకలోనో, కాగజ్‌నగర్‌లోనో పేపర్ మిల్లులో చేరారు, ట్రైనింగ్ అయ్యాక మిమ్మల్ని మెషీన్ మీద వేశారు అనుకుందాం. మెషీన్ సాఫీగా నడిచినంతసేపూ ఆపరేటర్‌కు పెద్దగా పని ఉన్నట్టే కనిపించదు. షీట్ తెగిందా, హారన్ మోగుతుంది, అందరూ పరుగెత్తుతారు, కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు మొదలవుతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా నేర్చుకునేది ఆ పరుగే: టెయిల్ (మళ్లీ ఎక్కించడానికి ముందుగా పంపే షీట్ సన్నని పట్టీ) ఎలా ఎక్కించాలి, రీల్ (కాగితం చుట్టుకునే చివరి చోటు) దాకా ఎంత త్వరగా తీసుకెళ్లాలి. ఆ నేర్పు కావాల్సిందే. కానీ ఎందుకు తెగిందో పట్టుకోకుండా ఎక్కించిన షీట్ కాసేపటికి మళ్లీ తెగుతుంది. ఆ కారణం తెగిన చోటే దొరుకుతుందన్న నమ్మకం లేదు. డ్రయ్యర్లలో (ఆవిరితో వేడెక్కే సిలిండర్లు) తెగిన షీట్‌కు మూలం చాలాసార్లు వైర్ (షీట్ ఏర్పడే జల్లెడ పట్టీ) మీదో, అంతకు ముందు స్టాక్ ఛెస్ట్‌లోనో (నీళ్లలో కలిపిన గుజ్జు ఉండే తొట్టి) ఉంటుంది. ఆ మూలం దాకా ఎలా వెళ్లాలో, ఆ క్రమంలో చేతులూ ప్రాణమూ ఎలా కాపాడుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మీ మెషీన్ లెక్క నోటికి రావాలి

వేగాన్ని డెకిల్‌తో (షీట్ వెడల్పు) గుణించి, దాన్ని జీఎస్ఎంతో (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) గుణించండి. మెషీన్ నిమిషానికి 600 మీటర్ల వేగంతో, 3.5 మీటర్ల వెడల్పుతో, 60 జీఎస్ఎం కాగితం తీస్తోందంటే నిమిషానికి 1,26,000 గ్రాములు, అంటే 126 కిలోలు. ఇరవై నిమిషాలు బ్రేక్‌లో (షీట్ తెగి) ఉంటే రెండున్నర టన్నులు రీల్‌కు చేరకుండా పల్పర్ (తెగిన కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసే తొట్టి) పాలవుతుంది. మీ మెషీన్ అంకెలు వేసి ఈ లెక్క మీరే చేయండి. కారణం వెతకడానికి రెండు నిమిషాలు ఆగితే పోయేదెంత, వెతక్కుండా నాలుగుసార్లు తెగితే పోయేదెంత అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. సూపర్‌వైజర్ తొందరపెట్టినప్పుడు జవాబు చెప్పడానికీ ఈ లెక్క పనికొస్తుంది.

ఇక నీళ్ల లెక్క. మెషీన్ ఛెస్ట్‌లో స్టాక్ 3 నుంచి 4 శాతం చిక్కదనంతో ఉంటుంది. ఫ్యాన్ పంపు దగ్గర బ్యాక్ వాటర్ (వైర్ నుంచి దిగిన నీరు) కలిసి, హెడ్‌బాక్స్‌కు (స్టాక్‌ను వైర్ మీదికి వదిలే పెట్టె) వచ్చేసరికి అది ఒక శాతం లోపే. వెయ్యి కిలోలు పారితే అందులో పీచు పది కిలోలు కూడా ఉండదు. వైర్ దాటేసరికి షీట్‌లో పొడి పదార్థం దాదాపు 20 శాతం, ప్రెస్ దాటాక 40 నుంచి 50 శాతం, రీల్ దగ్గర తేమ 5 శాతం అటూ ఇటూ. మెషీన్ పనంతా ఈ నీళ్లను తీయడమే. వైర్ మీద నీరు దాని బరువుకూ, వాక్యూమ్ లాగుడుకూ దిగుతుంది, ప్రెస్ దాన్ని పిండుతుంది, డ్రయ్యర్ ఆవిరి ఖర్చుపెట్టి తీస్తుంది. ప్రెస్ దగ్గర పొడితనం ఒక్క శాతం పెరిగితే డ్రయ్యర్ల ఆవిరి సుమారు 4 శాతం తగ్గుతుందని పరిశ్రమలో అందరూ వాడే లెక్క. ప్రెస్ ఫెల్ట్ (షీట్ నుంచి నీటిని పీల్చే మందపాటి బట్ట) శుభ్రంగా ఉందా లేదా అన్నది బాయిలర్ బొగ్గు దాకా పోయే విషయం.

షిఫ్ట్ ఎక్కగానే నడవండి

స్క్రీన్ ముందు కూర్చోకముందే హెడ్‌బాక్స్ నుంచి రీల్ దాకా ఒకసారి నడవండి. టెండింగ్ సైడు (ఆపరేటర్లు నిలబడే వైపు) నుంచి వెళ్లి, దారి ఉంటే డ్రైవ్ సైడు (మోటార్లు ఉండే వైపు) నుంచి తిరిగి రండి.

వైర్ మీద మొదట చూడాల్సింది డ్రై లైన్. స్టాక్ మీద నీళ్ల మెరుపు ఆగిపోయి షీట్ మసకబారే గీత అది. మంచిగా నడుస్తున్నప్పుడు అది ఏ సక్షన్ బాక్స్ (వైర్ కింద వాక్యూమ్‌తో నీరు లాగే పెట్టె) దగ్గర ఉంటుందో గుర్తుపెట్టుకోండి. కౌచ్ (వైర్ చివరి రోల్) వైపు జరిగిందంటే నీరు దిగడం లేదు: రిఫైనర్ (పీచును నూరే యంత్రం) ఎక్కువ నూరుతోంది, లేదా స్టాక్ చల్లబడింది, లేదా వాక్యూమ్ పడిపోయింది. హెడ్‌బాక్స్ వైపు వెనక్కి వచ్చిందంటే నీరు మరీ త్వరగా దిగిపోతోంది, ఫార్మేషన్ (పీచు సమంగా పరుచుకోవడం) చెడుతుంది, పిన్‌హోల్స్ (సూది రంధ్రాలు) వస్తాయి. గీత వంకరగా ఒకచోట నాలుకలా ముందుకు సాగిందంటే అక్కడ స్టాక్ ఎక్కువ పడుతోంది, లేదా ఆ మేర వైర్ మూసుకుపోయింది. స్క్రీన్ మీద ఏ ట్రెండూ ఇంత ముందుగా చెప్పదు. జీఎస్ఎం, తేమ కొలిచే స్కానర్ ఉండేది రీల్ దగ్గర. అదీ షీట్ మీద అడ్డంగా తిరుగుతుంటే షీట్ ముందుకు పోతుంటుంది కనుక అది చూసేది ఒక ఏటవాలు గీతను మాత్రమే.

గోదావరికి వరద వచ్చి మిల్లుకు వచ్చే నీటి తీరు మారినప్పుడూ, ఎండాకాలంలో బ్యాక్ వాటర్ వేడెక్కినప్పుడూ డ్రై లైన్ తన చోటు మార్చుకుంటుంది. వేడి నీరు పలచబడి త్వరగా దిగుతుంది. సీజన్ మారే వారాల్లో దీన్ని రోజూ చూసి రాసుకోండి.

తరువాత హెడ్‌బాక్స్ జెట్, అంటే వైర్ మీదికి దూకే స్టాక్ ధార. వైర్ వేగానికీ జెట్ వేగానికీ తేడా ఒకటి రెండు శాతం మాత్రమే ఉంచుతారు, రెండూ సరిసమానం కానివ్వరు. నిమిషానికి 600 మీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగంతో జెట్ రావాలంటే హెడ్‌బాక్స్‌లో దాదాపు 5.1 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి కావాలి. మెషీన్ వేగం రెట్టింపు చేస్తే ఒత్తిడి నాలుగింతలు కావాలి. వేగం కొంచెం పెంచి హెడ్ (ఆ ఒత్తిడి) సరిచేయడం మరిచిపోతే ఫార్మేషన్ ఎందుకు అంతగా మారిపోతుందో ఇక్కడే ఉంది.

షీట్ అంచును కోసే ఎడ్జ్ ట్రిమ్ నాజిల్స్ నీటి ధార సన్నగా, నిటారుగా ఉందో లేదో చూడండి. చెదిరిన ధార అంచును చీల్చినట్టు కోస్తుంది. ఆ చీలికే ప్రెస్‌లోనో డ్రయ్యర్‌లోనో షీట్‌ను తెంపుతుంది. పైన హుడ్ (మెషీన్ మీది కప్పు) నుంచి, పైపుల నుంచి నీటి బొట్లు షీట్ మీద పడుతున్నాయేమో తలెత్తి చూడండి. ఫెల్ట్ దగ్గర ఊల్ బాక్స్ (ఫెల్ట్ నుంచి నీరు లాగే పెట్టె) వాక్యూమ్ గేజ్, షవర్ నాజిల్స్ చూడండి. షవర్ అటూ ఇటూ కదలకుండా ఒకేచోట నిలబడిపోయిందంటే ఫెల్ట్ మీద అక్కడ గీత పడుతోందన్నమాట.

తెగగానే

మొదట తెగిన చోటు తరువాత షీట్ ఎక్కడికి పోతోందో చూడండి. ప్రెస్ రోల్‌కో డ్రయ్యర్‌కో చుట్టుకుంటోందా? చుట్టుకుంటుంటే ఆ భాగానికి షీట్ వెళ్లకుండా వెనుకే కోసి కింది పల్పర్‌లోకి దింపాలి. పల్పర్ ఆజిటేటర్ (కలియతిప్పే రెక్కలు), షవర్ నీళ్లు మొదలయ్యాయో లేదో చూసుకోండి. లేకపోతే రెండు నిమిషాల్లో పల్పర్ నిండి బయటికి పొంగుతుంది. షీట్ లేని డ్రయ్యర్లు వేడెక్కిపోతాయి కనుక ఆవిరి తగ్గించమని చెప్పండి. దీన్ని మరిచిపోతే మళ్లీ ఎక్కించిన టెయిల్ మరీ ఎండి పెళుసుబారి తెగుతుంది. అప్పుడు రెండో బ్రేక్‌కు కారణం మొదటి బ్రేక్‌ను మీరు నడిపిన తీరే అవుతుంది.

తరువాత తెగిన కొస పట్టుకోండి. సురక్షితంగా అందే చోట ఉంటేనే సుమా. పల్పర్‌లో పడితే ఆధారం పోయినట్టే. బల్ల మీద పరిచి, వెలుతురు కిందినుంచి వచ్చేలా పెట్టి చూడండి.

అంచు నుంచి మొదలైన చీలికా, మధ్యలో చిల్లు నుంచి మొదలైనదా? అంచు నుంచైతే ట్రిమ్ నాజిల్, అంచు దగ్గర జీఎస్ఎం, ఫెల్ట్ అంచు చూడాలి. చిల్లు నుంచైతే ఆ చిల్లు చుట్టూ చూడండి. చుట్టూ జిగురుగా, పారదర్శకంగా, కాస్త గోధుమరంగుగా ఉంటే అది స్లైమ్, అంటే ఛెస్ట్‌లలో, పైపుల్లో పెరిగిన సూక్ష్మజీవుల జిగట ఊడి వచ్చింది. నల్లగా, మైనంలా అంటుకునే ముద్ద అయితే కట్టెలోని పిచ్. పాత కాగితం వాడే మిల్లయితే టేపుల, స్టిక్కర్ల జిగురు. చుట్టూ పలచబడిన గుండ్రటి మచ్చ అయితే నీటి బొట్టు. ఏ మచ్చా లేకుండా షీట్ అడ్డంగా సూటిగా తెగిందంటే లాగుడు ఎక్కువైంది, లేదా షీట్‌కు తడిలో బలం తగ్గింది.

మచ్చలు మళ్లీ మళ్లీ వస్తున్నాయా అన్నది మరో పెద్ద ఆధారం. రీల్ మీది కాగితం కొంత విప్పి రెండు మచ్చల మధ్య దూరం టేపుతో కొలవండి. ఆ దూరాన్ని 3.14తో భాగిస్తే రోల్ వ్యాసం వస్తుంది. దూరం 1.57 మీటర్లుంటే అది 50 సెంటీమీటర్ల వ్యాసమున్న రోల్ చేస్తున్న పని. మీ మెషీన్‌లోని ప్రతి రోల్ వ్యాసం, వైర్ పొడవు, ఒక్కో ఫెల్ట్ పొడవు చిన్న కార్డు మీద రాసి జేబులో పెట్టుకోండి. మచ్చల దూరం వైర్ పొడవుతో కలిసిందంటే వైర్‌లో దెబ్బ ఉంది. షీట్ దారిలో కొంత సాగుతుంది కనుక కొలత ఒకటి రెండు శాతం ఎక్కువ రావచ్చు, దానికి కంగారు పడకండి. ఈ ఒక్క కొలత గంటల వాదనలను ముగిస్తుంది.

టైమ్, తెగిన చోటు, సైడు, ఏ గ్రేడు, ఎంత జీఎస్ఎం, కొస ఎలా ఉంది: ఇవన్నీ లాగ్ బుక్‌లో రాయండి. "వెట్ ఎండ్ బ్రేక్" అని రెండు ముక్కలు రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "మూడో డ్రయ్యర్ గ్రూపు, డ్రైవ్ సైడు అంచు నుంచి, చిన్న చీలిక, కొస తడిగా" అని రాస్తే నెల తరువాత పేజీలు తిప్పినప్పుడు ఒకే సైడు, ఒకే గ్రేడు కళ్లకు కడతాయి.

బ్రోక్ వలయం

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. చాలామంది పట్టించుకోనిదీ, మెషీన్‌ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే.

షీట్ తెగినప్పుడల్లా ఆ కాగితమంతా మళ్లీ గుజ్జయి, బ్రోక్ అన్న పేరుతో బ్రోక్ టవర్‌కు పోతుంది. టవర్ నిండుతుంటే ఎవరో ఒకరు స్టాక్‌లో బ్రోక్ వాటా పెంచుతారు. బ్రోక్‌లో ఫిల్లర్ (సుద్ద లాంటి పొడి) ఉంటుంది, కాగితం మీద పూసిన సైజ్ ప్రెస్ స్టార్చ్ ఉంటుంది, ఒకసారి ఎండి మళ్లీ తడిసిన పీచు ఉంటుంది. ఆ పీచు కొత్త గుజ్జులా కలవదు, నీరు వదిలే తీరూ వేరు. దాంతో తడి షీట్ బలం మారుతుంది, రిటెన్షన్ (వైర్ మీద పీచు, ఫిల్లర్ ఎంత నిలుస్తాయన్నది) మారుతుంది, యాష్ (కాగితంలో ఫిల్లర్ శాతం) కదులుతుంది. షీట్ మళ్లీ తెగుతుంది. టవర్ ఇంకా నిండుతుంది. రాత్రి రెండు గంటలకు మొదలైన ఈ తిరుగుడు తెల్లవారేదాకా సాగడం ఏ మిల్లులోనైనా చూస్తారు.

దీన్ని తెంచాలంటే బ్రోక్ వాటాను ఒక్కసారిగా మార్చకండి. కొంచెం కొంచెంగా, మార్పుకూ మార్పుకూ మధ్య డ్రై లైన్ కుదురుకునేదాకా ఆగి పెంచండి. టవర్ నిండిపోయేలా ఉంటే ఆ విషయం ముందే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పండి. వేగం కొంత తగ్గించి నడపడమా, బ్రోక్ ఎక్కువ భరించే గ్రేడుకు మారడమా అన్నది వాళ్లు తేల్చాలి, మీరు సమయానికి చెప్పాలి. ఇంకొకటి: బ్రేక్ తరువాత జీఎస్ఎం, రసాయనాల డోసు, డ్రా (షీట్ లాగుడు), వాక్యూమ్ అన్నీ ఒకేసారి తిప్పితే షీట్ నిలబడినా ఏది నిలబెట్టిందో తెలియదు. ఒకటి మార్చండి, ఫలితం చూడండి, రాయండి. తరువాతే రెండోది.

డ్రా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కౌచ్ వేగం నిమిషానికి 600 మీటర్ల దగ్గర ఉంటే ప్రెస్ 612 దగ్గర ఉంటుంది. ఆ రెండు శాతమే డ్రా. షీట్ వేలాడుతోందని డ్రా పెంచడం సులువు, బిగుతుగా కనిపిస్తుంది కూడా. కానీ తడి షీట్ ఎంత సాగిందో అంత ఓపిక కోల్పోతుంది, తరువాత డ్రయ్యర్‌లో చిన్న లోపం దొరికినా తెగుతుంది. షీట్ వేలాడడానికి కారణం ఎక్కువ నీళ్లు కావచ్చు. ముందు కౌచ్ వాక్యూమ్, ఫెల్ట్ చూసి, తరువాతే డ్రా మీద చేయి వేయండి.

టెయిల్ ఎక్కించడం, చేతులు కాపాడుకోవడం

రెండు రోలర్లు కలిసి లోపలికి లాగే చోటును నిప్ అంటారు. సెకనుకు 10 మీటర్ల వేగంతో తిరిగే మెషీన్‌లో మనిషి కళ్లు చూసి చెయ్యి వెనక్కి తీసుకునే లోపు, అంటే దాదాపు సెకనులో ఐదో వంతులో, రెండు మీటర్ల కాగితం లోపలికి పోతుంది. చురుకైన చేతికైనా అది చాలదు. అందుకని నియమాలు కచ్చితంగా ఉండాలి.

ఉంగరం, కడియం, చేతి దారాలు, మెడలో వేలాడే ఐడీ కార్డు, భుజం మీద తువ్వాలు, వదులు చొక్కా, వదులు గ్లోవ్స్: ఏవీ వద్దు. తాయెత్తు తీయనని పట్టుబట్టే వాళ్లుంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి జేబులో పెట్టుకోమనండి. నిప్ లోపలికి తిరిగే వైపు నిలబడకండి. తాడు వ్యవస్థ ఉంటే టెయిల్‌ను తాడుకే ఇవ్వండి, లేకపోతే గాలి గొట్టంతో ఊదండి. రోల్‌కు చుట్టుకున్న కాగితాన్ని తిరుగుతుండగా చేత్తో గానీ కడ్డీతో గానీ గోకకండి. ఆపండి, లాక్ వేయండి, మీ తాళం మీ జేబులో ఉండాలి, స్టార్ట్ బటన్ నొక్కి కదలడం లేదని చూసుకోండి, అప్పుడు తీయండి. డాక్టర్ బ్లేడ్ (రోల్‌ను గీకి శుభ్రం చేసే బ్లేడు) ఆగి ఉన్నా కత్తే. అది మార్చేటప్పుడు కోత తట్టుకునే గ్లోవ్స్ వేసుకోండి, మెషీన్ లాక్‌లో ఉన్నప్పుడు మాత్రమే.

లాగితే మెషీన్ ఆగే ఎమర్జెన్సీ తాడు, స్టాప్ బటన్లు ఎక్కడెక్కడున్నాయో మొదటి రోజే నడిచి చూడండి. టెయిల్ ఎక్కించేటప్పుడు ఒకరు ఆ తాడు అందే దూరంలో ఉండాలి. పల్పర్ నోటి దగ్గర గార్డు తీసి ఉంటే పని మొదలుపెట్టకండి. ఎవరు తొందరపెట్టినా సరే.

డ్రయ్యర్ దగ్గర కాసేపు

మొదటి డ్రయ్యర్లు కాస్త చల్లగా ఉండి, ముందుకు పోయేకొద్దీ వేడి పెరగాలి. మొదటిదే మరీ వేడిగా ఉంటే తడి షీట్ దానికి అంటుకుని పీచు ఊడుతుంది. ఒకే గ్రూపులో ఒక సిలిండర్ మాత్రం మిగతావాటి కన్నా చల్లగా ఉందంటే దానిలో కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన నీరు) నిలిచిపోయింది, దాన్ని బయటికి తీసే సైఫన్ గొట్టం పని చేయడం లేదు. థర్మామీటర్ గన్‌తో వారానికోసారి అన్నింటి ఉష్ణోగ్రతా రాయండి. డ్రైవ్ మోటార్ ఆంపియర్లు కారణం లేకుండా పెరిగినా అదే అనుమానించండి. రీల్ దగ్గర తేమ 3 శాతానికి పడిపోయిందంటే ఆవిరి వృథా అవుతోంది, కాగితం మెలి తిరుగుతుంది, పెళుసుగా తెగుతుంది.

జీఎస్ఎం మీద సందేహం వస్తే 10 సెంటీమీటర్లు × 10 సెంటీమీటర్ల ముక్క కోసి తూచండి, గ్రాములను వందతో గుణించండి. 0.6 గ్రాములుంటే 60 జీఎస్ఎం. టెండింగ్ సైడు, మధ్య, డ్రైవ్ సైడు మూడు ముక్కలు తీయండి. దించిన రీల్ ఆగి ఉన్నప్పుడు చెక్క కర్రతో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తట్టండి. శబ్దం మారిన చోట షీట్ పలచనో మందమో అయింది.

వేసవిలో డ్రయ్యర్ పక్కన పని చేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లో, ఉప్పు వేసిన మజ్జిగో తాగుతూ ఉండండి. చెవులకు ప్లగ్‌లు మొదటి రోజు నుంచే పెట్టుకోండి, వినికిడి పోతే తిరిగి రాదు.

గుంటలు, ఛెస్ట్‌లు

మెషీన్ రెండు మూడు రోజులు ఆగితే కదలకుండా ఉన్న స్టాక్, బ్యాక్ వాటర్ కుళ్లుతాయి. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలి కన్నా బరువైనది కనుక గుంట అడుగున పేరుకుంటుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు. అతన్ని తీయడానికి దిగిన స్నేహితుడూ రాడు. పేపర్ మిల్లుల్లో ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు చనిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి పర్మిట్ లేకుండా ఏ ఛెస్ట్‌లోకీ, కౌచ్ పిట్‌లోకీ (కౌచ్ కింది గుంట), పల్పర్‌లోకీ దిగకండి. మీటర్‌తో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని, హైడ్రోజన్ సల్ఫైడ్ లేదని అడుగుదాకా కొలిచాకే, బెల్టు కట్టుకుని, తాడు కొస పైన మనిషి పట్టుకుని ఉండగానే దిగాలి. రాతపూర్వక సర్టిఫికెట్, లేదంటే శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాసి ఉండేది; 2025 చివర్లో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. మీరు చేరిన కొత్తలో ఎవరైనా "ఒక్క నిమిషం దిగి రా" అంటే కాదని చెప్పే హక్కు మీకుంది. లోపల ఎవరైనా పడిపోతే మీరు దిగొద్దు, అలారం కొట్టి రెస్క్యూ టీమ్‌ను పిలవండి. ఆ సమయంలో కాళ్లు ఆగవు, అందుకే ముందే మనసుకు చెప్పుకుని ఉండాలి.

మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు నిలిచిపోయిన స్టాక్‌ను ఆజిటేటర్ కదిలించగానే లోపల బంధించి ఉన్న వాయువు ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఆ సమయంలో ఛెస్ట్ మూత దగ్గర ఎవరూ ఉండకూడదు, ఫ్యాన్లు ముందే తిప్పి ఉంచాలి.

షట్‌డౌన్ రోజు

షట్‌డౌన్‌లో కాస్టిక్ సోడాతో సిస్టమ్ కడిగే బాయిల్ అవుట్ జరుగుతుంది. ఆ కడుగులో బయటికి వచ్చే స్లైమ్ ముద్దలను చూడండి. ఏ పైపు వంపు నుంచి, ఏ ఛెస్ట్ మూల నుంచి ఎక్కువ వచ్చిందో రాసుకోండి. మరుసటి నెల గోధుమరంగు అంచున్న చిల్లు కనిపిస్తే ఎక్కడ వెతకాలో అప్పటికే మీ దగ్గర ఉంటుంది. హెడ్‌బాక్స్ స్లైస్ (స్టాక్ బయటికి వచ్చే సందు) పెదవిని వేలితో తడిమి దెబ్బలున్నాయేమో చూడండి, మెషీన్ లాక్‌లో ఉన్నప్పుడే సుమా. ఫెల్ట్ మారుస్తుంటే పాత ఫెల్ట్ ముక్క ఒకటి అడిగి తీసుకుని, మధ్యలోనూ అంచునూ మందం పోల్చండి. రోల్ వ్యాసాల కార్డును కూడా ఆ రోజే సరిచేసుకోండి: గ్రైండింగ్‌కు పంపిన రోల్ కొంత సన్నబడి తిరిగి వస్తుంది, పాత అంకెతో లెక్కేస్తే వేరే రోల్‌ను అనుమానిస్తారు.